కండక్టరమ్మ ముక్కు

ముందే చెప్పేస్తే మంచిది: ముక్కు దొరికింది. ఆ బుధవారం పొద్దున ఆ నలుగురూ పడ్డ హైరానా ఇంకొకళ్ళకి అక్కర్లేదు. కండక్టరమ్మ మళ్ళీ బస్సెక్కింది, అత్తయ్య కంటి ఆపరేషన్ అనుకున్న రోజునే అయింది, మేనకోడలు ఉద్యోగం మానేస్తానని అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి నిశ్చింతగా కూర్చుని వినొచ్చు.

కళ్ళజోళ్ళ షాపు మీద, రెండో అంతస్తులో, మూడు గదుల వర్క్‌షాపు అది. జబ్బు వల్లనో ప్రమాదం వల్లనో ముక్కో చెవో వేలో పోగొట్టుకున్నవాళ్ళకి సిలికాన్‌తో అచ్చం అలాంటిదే చేసి పెడతారు. మైనంలో రూపం చెక్కేది, రంగులు వేసేది అత్తయ్య. అచ్చులు పోసేది మావయ్య. మనుషుల ముఖాలని స్కాన్ చేసి కంప్యూటర్లో దాచేది మేనకోడలు, అంటే అత్తయ్య అన్నగారి కూతురు. రెండు నెలలు సాయం చేద్దామని వచ్చి పదకొండేళ్ళయింది. కంప్యూటర్ల పనంతా ఎవరూ నేర్పకుండా తనే నేర్చుకుంది. అత్తయ్యకి అందులో ఓనమాలు తెలియవు కాబట్టి తప్పులు పట్టడానికి ఏమాత్రం మొహమాటపడదు.

మావయ్య గురించి ఒక్క ముక్క చెప్పాలి. చేతిలో పనితనం ఉంది, మనసులో కల్మషం లేదు, టైము మాత్రం లేదు. సొంత పెళ్ళికే గంటన్నర ఆలస్యంగా వచ్చిన మనిషి. ఎంత నెత్తీనోరూ కొట్టుకున్నా లాభం లేక, ఇరవై ఆరేళ్ళ కిందట అత్తయ్య స్టూలెక్కి గోడ గడియారాన్ని పన్నెండు నిమిషాలు ముందుకి తిప్పేసింది. మొదట్లో మావయ్యని మోసం చెయ్యడానికి పెట్టిందే. నెల తిరక్కుండా ఆయనకి సంగతి తెలిసిపోయింది, అయినా అలవాటు ఉండిపోయింది. ప్లాస్టర్ కలిపినా, టీ పెట్టినా, షాపు కట్టేసినా అన్నీ ఆ గడియారం ప్రకారమే. దాన్ని వాళ్ళు ‘మన టైము’ అంటారు. కంప్యూటర్లలో ఉండేది ‘బయట టైము’. ఒకదాన్నుంచి ఇంకోదానికి పన్నెండు కలపడమో తీసేయడమో ఆ ముగ్గురి తలల్లో తమకే తెలియకుండా జరిగిపోతూ ఉంటుంది.

ఇక కండక్టరమ్మ. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అయిదు నెలల కిందట ముక్కులో ఏదో గడ్డ అన్నారు, పరీక్షలయ్యాక ముక్కంతా తీసేయక తప్పదన్నారు. ఆపరేషన్‌కి ముందురోజు డాక్టర్లే ఆవిణ్ణి ఇక్కడికి పంపారు. మేనకోడలు స్కానర్ పట్టుకుని, “కదలకండి మేడమ్” అంటే, “ఇరవై రెండేళ్ళుగా ఊగే బస్సులో నిలబడ్డాను తల్లీ, కదలకుండా కూర్చోమంటే అదే నాకు కష్టం” అని నవ్వింది. ఆవిడ సొంత ముక్కు మీద నవ్వు పాకడం మేనకోడలు చూడటం అదే ఆఖరు.

ఆ స్కాన్ డిజైన్ కంప్యూటర్లో ఉంది. దాని కాపీ బ్యాకప్ సర్వర్లో ఉంది. గాయం మానింది, ఈ బుధవారం మైనం ముక్కు, గురువారం సిలికాన్ ముక్కు, సోమవారం డ్యూటీ అని అంతా అనుకున్నారు. మంగళవారం పొద్దున డిజైన్ కంప్యూటర్లో డిస్కు టకటకమని చచ్చిపోయింది.

“ఏం కంగారు లేదు, బ్యాకప్ ఉందిగా” అంది మేనకోడలు, ధీమాగానే. సాయంత్రానికి కొత్త డిస్కు బిగించింది.

ఆ ధీమాకి కారణం ఉంది. పాత బ్యాకప్ సర్వర్‌ని వాళ్ళు ‘పెద్దాయన’ అని పిలిచేవాళ్ళు. తొమ్మిదేళ్ళు చేసి, ఫ్యాను తిరగడానికి కూడా ఆయాసపడుతున్నాడు. అందుకని శనివారమే కొత్త మెషీన్ తెచ్చి, పెద్దాయనలో ఉన్నవన్నీ అందులోకి మార్చి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, పెద్దాయన డిస్కుల్ని పూర్తిగా చెరిపేసింది. రోగుల ముఖాలు కదా, పాత డిస్కుల్లో వదిలేయకూడదని రూలు. కొత్తదానికి ‘చిన్నోడు’ అని పేరు పెట్టింది. దొంగ ప్రోగ్రాముల బెడద లేకుండా చిన్నోడికి ఇంటర్నెట్ ఇవ్వలేదు, అన్నీ చేత్తో టైపు చేసి అమర్చింది. ఆదివారం సెలవు. సోమవారం పనిలో పడి, రాత్రి కాపీలు కొత్తదాంట్లోకి వెళుతున్నాయో లేదో చూడలేదు. చూసుంటే ఈ కథే లేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి చిన్నోడిలోంచి ఫైళ్ళు వెనక్కి తెచ్చుకుందామని కూర్చుంది. తెర మీద ఎర్రటి పెట్టె వచ్చింది. ‘ఈ సర్వర్ సర్టిఫికెట్ నమ్మదగినది కాదు.’ సర్లే, మన సర్వరే కదా అని ‘ఫరవాలేదు, ముందుకెళ్ళు’ అన్న చోట నొక్కింది. ‘లాగిన్ కుదరదు’ అని వచ్చింది. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది. కుదరదు. ఒక్కొక్క అక్షరం నోటితో చెప్పుకుంటూ కొట్టింది. కుదరదు. పాస్‌వర్డే మార్చేసి కొత్తది కొట్టింది. దానికీ అదే మాట.

పెద్దాయన్ని తన చేతులతోనే తుడిచేసింది. ఉన్నదంతా ఇప్పుడు చిన్నోడి కడుపులో ఉంది. వాడి దగ్గరికే వెళ్ళి కీబోర్డు తగిలిస్తే మెషీన్ అయితే తెరుచుకుంటోంది గానీ, కాపీలున్న పెట్టెలకి తాళాలు. ఆ తాళాలు డిజైన్ కంప్యూటర్ నుంచి సరైన లాగిన్‌తో వస్తే తప్ప తెరుచుకోవు. అలా పెట్టింది కూడా తనే.

అత్తయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధంతా తెలుసు, ముక్కులు చేసే మనిషి కాబట్టి తలా ఒక వేళాకోళం కూడా ఆడేశారు.

“ఏమే, ఎందాకా వచ్చింది?”

“వస్తుంది అత్తా. కొంచెం లాగిన్ ఇబ్బంది.”

“నిన్న ‘ఏం కంగారు లేదు’ అన్నావు.”

“నిన్న లేదు అత్తా, ఇవాళ ఉంది.”

అత్తయ్య తిట్టలేదు. దానికే భయం వేసింది మేనకోడలికి. వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా అంది: “చూడమ్మాయ్. శుక్రవారం నాకు కన్ను కోస్తారు. తర్వాత నెలన్నర సన్నపని ముట్టుకోవద్దన్నారు. మన టైము పన్నెండున్నర లోపు స్కాన్ వస్తే సరే, లేదా ఆవిడ డ్యూటీ కార్డు మీద ఫొటో చూసి ఊహించి చెక్కేస్తాను. ముక్కు ముక్కులానే ఉంటుంది, అనుమానం లేదు. ఆవిడ ముక్కు మాత్రం కాదు.”

సరిగ్గా అప్పుడే కండక్టరమ్మ వచ్చింది. ముఖానికి సగం దాకా గుడ్డ మాస్కు. కళ్ళజోడు ఆనడానికి చోటు లేక, దాన్ని నుదుటికి టేపుతో అతికించుకుంది. లోపలికి వస్తూనే గోడ గడియారం చూసి, “అయ్యో, పది పన్నెండు! నా వాచీలో సరిగ్గా పదే ఉందే” అని కంగారుపడింది.

“మీ వాచీ కరెక్టేనండీ, అది మన టైము, పట్టించుకోకండి” అన్నాడు మావయ్య ప్లాస్టర్ చేతులతో.

జరిగింది దాచకుండా చెప్పింది మేనకోడలు. డిస్కు పోయిందని, సర్వర్ తనే మార్చిందని, పాతది తనే చెరిపేసిందని, కొత్తది తలుపు తీయట్లేదని. “తప్పంతా నాదేనండీ. మీ ముక్కు తిరిగి రాకపోతే నేనీ పని మానేస్తాను” అంది.

కండక్టరమ్మ వింది. మాస్కు మీద కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. తర్వాత కుర్చీ లాక్కుని మేనకోడలి పక్కనే కూర్చుంది. “నువ్వు మానేస్తే నా ముక్కెవరు వెతుకుతారమ్మా? దిగిపోయేవాళ్ళతో నాకేం పని, ఎక్కినవాళ్ళ సంగతి చూద్దాం. ఏమంటోంది ఇది?”

ఒంటరిగా పోరాడటం కంటే ఎవరికో విడమరిచి చెబుతూ పోరాడటం నయం. మేనకోడలు చెప్పడం మొదలుపెట్టింది. ప్రతి సర్వర్‌కీ సర్టిఫికెట్ అని ఒక గుర్తింపు కార్డు ఉంటుంది, అవతలి కంప్యూటర్ అది చూశాకే నమ్ముతుంది అని చెబుతూ ఆ కార్డు తెరిచి చూసింది. ఇందాకటి నుంచీ లాగిన్ ధ్యాసలో పడి దాన్ని తెరవనే లేదు. తెరిస్తే అందులో ఉన్న పేరు పెద్దాయనది. శనివారం అన్నీ కాపీ అయినప్పుడు ఆయన కార్డు కూడా వచ్చేసింది.

“అంటే మనిషి చిన్నోడు, కార్డు పెద్దాయనది” అంది కండక్టరమ్మ.

“అంతేనండీ.”

“నాదీ అదే కేసు.” జేబులోంచి తన డ్యూటీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఫొటోలో నిండు ముఖం, కళ్ళజోడు. “మొన్న డిపోకి కాగితాలివ్వడానికి వెళ్ళాను. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్. కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. ‘ఇది మీదేనా అండీ?’ అన్నాడు. మంచివాడే పాపం, గట్టిగా కూడా అడగలేదు. ఇరవై రెండేళ్ళు ఆ గేట్లోంచి నడిచాను నేను.”

నవ్వుతూ చెబుదామని మొదలుపెట్టింది గానీ చివరికి నవ్వు రాలేదు. మేనకోడలికి కళ్ళు చెమర్చాయి. కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

చిన్నోడి పేరు మీద కొత్త సర్టిఫికెట్ చెయ్యడం ఎప్పుడో ఒకసారి చేసిన పని. నోట్‌బుక్కులో రాసుకున్నది వెతికి, రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి చేసింది. అప్పటికి పదకొండు దాటింది. మళ్ళీ ప్రయత్నించింది. ఎర్ర పెట్టె మళ్ళీ వచ్చింది. కాకపోతే ఈసారి మాట మారింది. ‘ఈ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు.’

“వచ్చేసింది కదండీ, ఇప్పుడే కదా చేశాను!” అని కంప్యూటర్ మీదే గొంతు లేపింది.

“ఎప్పట్నుంచి అమలట?” అంది కండక్టరమ్మ. పాసుల మీద తేదీలు చూసి చూసి ఆవిడకి అలవాటు.

“ఇవాళ్టి నుంచేనండీ. పదకొండున్నర నుంచి.”

కండక్టరమ్మ మణికట్టు చూసుకుంది. “ఇప్పుడు పదకొండూ పద్దెనిమిదే కదమ్మా.”

మేనకోడలు తెర మూల చూసింది. పదకొండూ పద్దెనిమిది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కగదిలోంచి మావయ్య కేక వినిపించింది: “పదకొండున్నరైంది, టీ తాగేవాళ్ళెవరు?”

మేనకోడలు తల తిప్పి గోడ గడియారం చూసింది.

శనివారం మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది. చిన్నోణ్ణి పెట్టిన గదికి కిటికీ లేదు, అది ఒకప్పటి ప్లాస్టర్ బస్తాల కొట్టు. ఫోను బయట చార్జింగ్‌లో ఉంది. మెషీన్ తేదీ, టైము అడిగింది. ఇంటర్నెట్ లేదు కాబట్టి చేత్తో కొట్టాలి. “మావయ్యా, టైమెంత?” అని అరిచింది. ఆయన గోడ చూసి చెప్పాడు. ఆమె అదే కొట్టేసింది. పదకొండేళ్ళలో పన్నెండు తీసేయడం ఒక్కసారి కూడా మర్చిపోలేదు, శనివారం మాత్రం ఆ ఇంట్లో మనిషిలా, అది తప్ప ప్రపంచంలో వేరే టైము లేనట్టు కొట్టేసింది.

“చిన్నోడు మన టైములో ఉన్నాడు!” అని లేచి నిలబడింది.

“అయితే?” అంది అత్తయ్య, మైనం కత్తి చేతిలో పట్టుకుని పరుగున వచ్చి.

“లాగిన్ కూడా అందుకే అవట్లేదత్తా! నేను లాగిన్ అవుతానంటే మన పేర్ల జాబితా ఉన్న ఇంకో కంప్యూటర్ ఒక టికెట్ ఇస్తుంది. దాని మీద బయట టైము ఉంటుంది. చిన్నోడు ఆ టైముని తన గడియారంతో పోల్చి చూస్తాడు. అయిదు నిమిషాలకి మించి తేడా ఉంటే ఎక్కనివ్వడు.”

“కరెక్టే కదా” అంది కండక్టరమ్మ. “టికెట్ మీద టైము తేడాగా ఉంటే నేనూ దింపేస్తాను. కుర్రాడు డ్యూటీ చేశాడు పాపం, మనం ఊరికే తిట్టుకున్నాం.”

మేనకోడలు కొట్టుగదిలోకి పరుగెత్తింది. వెనకే ముగ్గురూ. నలుగురికి ఆ గదిలో చోటు చాలదు, మావయ్య సగం బయటే ఉన్నాడు. “మేడమ్, టైము చెప్పండి” అంది.

“పదకొండూ ఇరవై ఒకటి” అంది కండక్టరమ్మ, స్టాపు పేరు చెప్పినంత గట్టిగా. “డిపో గడియారంతో పెట్టుకున్న వాచీ. నమ్ముకో.”

చిన్నోడి గడియారం పన్నెండు నిమిషాలు వెనక్కి వెళ్ళింది. ఇందాకటి సర్టిఫికెట్ పనికిరావాలంటే ఇంకో తొమ్మిది నిమిషాలు ఆగితే చాలు, కానీ ఎవరికుంది అంత ఓపిక? ఇంకోటి చేసేసింది. మళ్ళీ డిజైన్ కంప్యూటర్ దగ్గరికొచ్చి కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. ఎర్ర పెట్టె రాలేదు. ‘కుదరదు’ రాలేదు. ఏమీ అనకుండా, ఏ పేచీ లేకుండా, పొద్దున్నించీ ఏమీ జరగనట్టుగా ఫైళ్ళ జాబితా వచ్చి తెర మీద నిలబడింది.

“రైట్, రైట్!” అంది కండక్టరమ్మ.

పోయిన ప్రాణం లేచొచ్చింది మేనకోడలికి. కుర్చీలో వెనక్కి వాలి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. అత్తయ్య వెనకనుంచి తల మీద చెయ్యి వేసి, అంతలోనే అలా వేసినందుకు సిగ్గుపడినట్టు, “సరే సరే, తెరువు ముందు” అని కసిరింది.

ఫైలు రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. మావయ్య తెచ్చిన టీ ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత తెర మీద బూడిదరంగులో ఒక ముఖం తేలింది. మేనకోడలు ముక్కు దగ్గరికి తెచ్చి నెమ్మదిగా తిప్పింది. ఎదుటినుంచి చూస్తే చివర ఎడమవైపుకి కొంచెం వంపు. పక్కకి తిప్పితే మధ్యలో చిన్న ఎత్తు. పైన రెండు పక్కలా కళ్ళజోడు ఆని ఆని పడ్డ గుంటలు.

కండక్టరమ్మ దగ్గరికి వంగింది. చాలాసేపు చూసింది. “ఆ ఎత్తు మా నాన్నది” అంది చివరికి. “వంపు మాత్రం నా సొంతం. ముప్పయ్యో ఏట సడన్ బ్రేకు వేస్తే కమ్మీకి కొట్టుకున్నాను. ఎన్ని తిట్లు తిట్టానో ఈ ముక్కుని. అద్దంలో చూసినప్పుడల్లా తిట్టేదాన్ని.” మాస్కు తడిసింది, ఆవిడ తుడుచుకోలేదు. “ఇన్నాళ్ళకి కనబడ్డావే!” అంది దానితోనే.

ఆ వంపు కార్డు మీది చిన్న ఫొటోలో తెలియదు. ఊహించి చెక్కితే అత్తయ్య తిన్నటి ముక్కు చేసి ఉండేది. ఆ సంగతి అత్తయ్యకి వెంటనే తట్టింది, ముఖంలో రంగు కొంచెం మారింది కూడా.

“ఇప్పుడైనా తిన్నగా చెయ్యమంటే చేస్తానండీ, నాకది పెద్ద పని కాదు” అంది.

“వద్దమ్మా. వంకరగానే చెయ్యండి. తిన్నటిది నేనేం చేసుకోను?”

ఆ మధ్యాహ్నం మైనం ముక్కు తయారైంది. దానికి అచ్చు పోసే పని ఎత్తుకున్న మావయ్య, పశ్చాత్తాపంతో కాబోలు, మొదట స్టూలు తెచ్చి గడియారం కింద వేశాడు. “దీన్ని సరిచేసేస్తాను. ఇంత గొడవకీ ఇదే కారణం.”

“దిగండి కిందకి” అంది అత్తయ్య తల ఎత్తకుండా. “ఇరవై ఆరేళ్ళు పట్టింది మీకు టైముకి రావడం అలవాటు చెయ్యడానికి. మళ్ళీ మొదట్నుంచి నావల్ల కాదు.” మావయ్య దిగాడు. మేనకోడలు మాత్రం ఒక కాగితం మీద ‘ఈ గదిలో మన టైము చెల్లదు’ అని పెద్ద అక్షరాలతో రాసి కొట్టుగది తలుపుకి అంటించింది. ఉద్యోగం మానేసే మాట మళ్ళీ ఎత్తబోతే, అత్తయ్య ఆమె చేతికి టీ గ్లాసులిచ్చి కడగమని పంపేసింది.

గురువారం సాయంత్రం రంగులు వేయడం పూర్తయింది. చర్మంలో సన్నటి ఎర్రటి గీతలు, వంపు దగ్గర కొంచెం నీడ, అన్నీ అత్తయ్య ఆపరేషన్‌కి ముందు ఆఖరి పనిగా వేసింది. జిగురు రాసి అమర్చి, రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుని, చెయ్యి తీసేసింది. కండక్టరమ్మ నుదుటి మీద టేపు పీకేసి కళ్ళజోడు పెట్టుకుంది. కళ్ళజోడు ఆ రెండు గుంటల్లో కూర్చుంది, జారలేదు. ఆవిడ తల అటూ ఇటూ ఊపింది, వంగింది, లేచింది. అయినా జారలేదు. అద్దం అడుగుతుందనుకుని మావయ్య తెచ్చి పట్టుకున్నాడు.

ఆవిడ అద్దం తీసుకోలేదు. జేబులోంచి డ్యూటీ కార్డు తీసి మేనకోడలి చేతిలో పెట్టి, గేటు దగ్గర నిలబడ్డట్టు చేతులు పక్కలకి వదిలి నిలబడింది.

“చూసి చెప్పమ్మా. ఇది నాదేనా?”

మేనకోడలు కార్డు చూసింది. ముఖం చూసింది. తొందరేం లేదు కాబట్టి మళ్ళీ కార్డు చూసింది.

“మీదేనండీ” అంది. “లోపలికి వెళ్ళండి.”